కిడ్నీ రాయి మాత్రలతో కరుగుతుందా?

మూత్రనాళంలో (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టంలో) 6 మి.మీ. రాయి ఉంది, డాక్టర్ టామ్సులోసిన్ రాశారు, దీంతో కరిగిపోతుందా అని అడిగారు. కరగదండీ. ఆ మాత్ర రాయి జోలికే పోదు, మూత్రనాళం కింది భాగంలో బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, దాంతో రాయి కిందికి జారడం తేలికవుతుంది. 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు ఏ మందూ లేకుండానే పడిపోతాయి, అంతకన్నా కాస్త పెద్దదై, నాళం చివరిదాకా దిగిన రాయికే దీని ఉపయోగం ఎక్కువ.

నేనూ వాడాను. మొదటి రెండు రోజులు మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగాయి, ఎందుకంటే ఇది బీపీని కూడా కొంచెం తగ్గిస్తుంది, అందుకే నెమ్మదిగా లేవండి. మగవాళ్లకు వీర్యం బయటికి రాకపోవచ్చు, నాకు ముందే ఎవరూ చెప్పక చాలా టెన్షన్ పడ్డాను, మాత్ర ఆపాక మామూలైపోయింది. (కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర వాడుతున్నట్టు, వాడినట్టు కంటి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.)

నేను చేసిన పెద్ద తప్పు, అప్పుడు పడిపోయిన రాయిని టెస్ట్‌కి ఇవ్వకుండా వదిలేయడం. రెండేళ్లకి మళ్లీ నొప్పి, ఈసారి రాయిని పట్టి ల్యాబ్‌కి ఇస్తే యూరిక్ యాసిడ్ రాయని తేలింది. మందుతో నిజంగా కరిగే రకం అదే! పొటాషియం సిట్రేట్ రాశారు, అది మూత్రంలో ఆమ్లం తగ్గిస్తుంది, స్ట్రిప్‌తో చూసుకుంటూ మూత్రం పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం తగ్గితే ఇది పెరుగుతుంది) 6.5 నుంచి 7 మధ్య ఉంచమన్నారు, మూడు నెలల తర్వాత స్కానింగ్‌లో కిడ్నీలో మిగిలిన చిన్న రాయి కూడా కనిపించలేదు. ఖాళీ కడుపున తాగితే కడుపులో మంట వచ్చేది, అన్నం తిన్నాకే తాగేవాణ్ణి. రక్తంలో పొటాషియం పెరగకుండా మధ్యమధ్యలో టెస్ట్ చేయిస్తారు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు ఇది సొంతంగా కొని తాగకూడదు. ఎక్కువమందికి వచ్చే కాల్షియం ఆక్సలేట్ రాయిని మాత్రం ఇది కరిగించదు, కొత్తది ఏర్పడకుండా సాయపడుతుందంతే.

చలి జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రలతో ఎదురుచూడకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మీ రాయి ఇంకా పడలేదు కాబట్టి ఈ రోజు నుంచే మూత్రాన్ని సన్నటి జల్లెడలో వడకట్టండి, దొరికిన ముక్క ఇసుక రేణువంత ఉన్నా పారేయకుండా డాక్టర్‌కి ఇవ్వండి.