కోస్టారికా ఓక్: ఆకు కాదు, కాయ పెంకు లోపల చూడండి

కోస్టారికాలో సెర్రో దె లా ముయెర్తె కొండ రోడ్డు మీద చూసిన ఓక్ చెట్టు రెడ్ ఓక్ గుంపుదా, వైట్ ఓక్ గుంపుదా అని అడిగారు. ఆకు అంచుకి ముళ్ళు లేవు కాబట్టి వైట్ ఓక్ అనుకున్నారు కదా, అక్కడే తేడా కొట్టింది. ఆ ముళ్ళ రూల్ (ముళ్ళుంటే రెడ్ ఓక్, లేకపోతే వైట్ ఓక్) అమెరికా, కెనడా చెట్లకి బాగా పనిచేస్తుంది గానీ కోస్టారికాలోని ఈ తలమాంక కొండల్లో పెద్ద చెట్టు అయ్యాక రెడ్ ఓక్ ఆకులు కూడా చాలాసార్లు నున్నటి అంచుతోనే ఉంటాయి.

1. చెట్టు కింద రాలిన కాయ ఒకటి తీసుకుని పగలగొట్టండి. అందరూ కాయని పట్టుకుని ఉండే గిన్నెలాంటి తొడుగు ఫోటో తీసి వదిలేస్తారు, కానీ చూడాల్సింది పెంకు లోపలి వైపు. అక్కడ మెత్తటి నూగు ఉంటే రెడ్ ఓక్ గుంపు, నున్నగా ఉంటే వైట్ ఓక్. పాత కాయైతే లెన్స్ పెట్టి చూడండి, నూగు కొంచెమే మిగిలి ఉండొచ్చు.

2. నూగు ఉండి, ఆకు దళసరిగా, బిరుసుగా, కాస్త గుండ్రంగా, తొడిమ బాగా పొట్టిగా ఉంటే అది క్వెర్కస్ కోస్టారిసెన్సిస్ అనే ఓక్ జాతి. మీరు చెప్పిన సెర్రో దె లా ముయెర్తె రోడ్డు మీద 3000 మీటర్ల దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే.

3. లోపల నున్నగా ఉండి ఆకు సన్నగా పొడుగ్గా ఉంటే క్వెర్కస్ బ్యుమెలియాయిడిస్, పాత పుస్తకాల్లో కోపెయెన్సిస్ అని ఉంటుంది.

పెంకు లోపలి ఫోటో ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.