అటక మీద దొరికిన తాత నాటు తుపాకీ, ఏం చెయ్యాలి?

సందేహం: సార్, మాది పాడేరు వైపు ఒక ఊరు. మొన్న ఇల్లు బాగుచేయిస్తుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన నాటు తుపాకీ దొరికింది, పక్కనే డబ్బాలో కాస్త మందు, సీసం గుండ్లు. మా తాతది, ఆయన పోయి ఆరేళ్లయింది. మొక్కజొన్న చేలో పందుల కోసం వాడేవాడట, లైసెన్సు లేదు. కమ్మరి దగ్గర రిపేర్ చేయించి ఉంచుకుందాం అంటాడు మా బావమరిది, అమ్మేమో గెడ్డలో పారేయమంటోంది. నా మీద కేసవుతుందా?

జవాబు: ముందు మీ బావమరిదిని ఆపండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటే లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 25(1బి) కింద 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. 2019 సవరణకి ముందు ఇది 1 నుంచి 3 ఏళ్లే ఉండేది. కానీ సెక్షన్ 5 లో తయారీ, అమ్మకంతో పాటు రిపేర్ అనే మాట కూడా ఉంది, అది చాలామంది చూడరు, లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 25(1)(ఎ) కింద తక్కువలో తక్కువ 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పడొచ్చు. పాపం ఆ కమ్మరికి నాలుగు వందలిచ్చి అంత కేసులో ఇరికిస్తారు, చేయించినందుకు మీ ఇద్దర్నీ కూడా లాగుతారు.

"తుప్పు పట్టింది సార్, పేలదు" అని చాలామంది అంటారు. సెక్షన్ 45 లో పాడైపోయిన ఆయుధానికి మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ రిపేర్ చేసినా చెయ్యకపోయినా పనికిరానిదై ఉండాలి అని రాశారు. బాగుచేస్తే పేలుతుంది అని మీ బావమరిదే అంటున్నాడు కదా, అంటే మీ డిఫెన్స్‌ని మీ ఇంట్లోవాడే కొట్టేస్తున్నాడు. అయినా పేలుతుందో లేదో తేల్చేది ఫోరెన్సిక్ ల్యాబ్, మనం కాదు. గొట్టంలో పాత మందు దట్టించి ఉండొచ్చు, అది ఎప్పుడేం చేస్తుందో చెప్పలేం, కాబట్టి పరీక్షిద్దాం అని మాత్రం ముట్టుకోకండి.

ఇక కేసు సంగతి. తుపాకీ చేతిలో ఉండక్కర్లేదు, మీ అధీనంలో ఉందని మీకు తెలిస్తే చాలు, 1972 లోనే సుప్రీంకోర్టు గుణవంత్‌లాల్ కేసులో ఈ సంగతి చెప్పింది. మొన్నటిదాకా మీకు తెలీదు కాబట్టి అది వేరు, సంచి విప్పిన రోజు నుంచి తెలుసు. రోజులు గడిచేకొద్దీ "నాకు తెలీదు" అనే మాట బలం తగ్గిపోతుంది. గెడ్డలో పారేస్తే ఇంకా అధ్వాన్నం, రేపు ఎవరికో దొరికి వాడు ఏ అడవిలోనో మనిషిని జంతువనుకుని కాల్చాడనుకోండి, మన ఏజెన్సీలో అలాంటివి జరగనివి కావు, అప్పుడు అది ఎవరి ఇంట్లోదో ఊరంతా చెబుతుంది.

అందుకని ఇలా చెయ్యండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు దొరికిందో, తాత ఎప్పుడు పోయారో, డబ్బాలో ఏముందో తెల్లకాగితం మీద రాసి, ఆయన మరణ ధ్రువపత్రం జత చేసి దగ్గర్లోని స్టేషన్‌లో ఇవ్వండి. తుపాకీ బండి మీద పెట్టుకుని మీరే వెళ్లొద్దు, దారిలో చెకింగ్‌లో దొరికితే మీ కథ ఎవరూ వినరు, ముందు ఫోన్ చేసి చెప్పి వాళ్లనే రమ్మనండి. కాగితం రెండు కాపీలు, ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. మన వైపు పోలీసులు నాటు తుపాకీలు స్వచ్ఛందంగా అప్పగించమని అప్పుడప్పుడు ప్రచారం చేస్తుంటారు, సాయంగా సర్పంచ్‌నో లాయర్‌నో తీసుకెళితే మంచిది. అప్పగిస్తే కేసే ఉండదని చట్టంలో గ్యారంటీ లేదు, ఆ అబద్ధం నేను చెప్పను. ఒకవేళ పెట్టినా, లైసెన్సు లేకుండా ఉంచుకున్నారనే కేసు నడపాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి, మీరే వచ్చి ఇచ్చారన్న కాగితం అక్కడ చాలా పనికొస్తుంది.

పందుల బాధ నిజమే, కాదనను. పంట కాపలాకి గొట్టంలోంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు సెక్షన్ 13 లోనే ఉంది, మీ పేరు మీద దరఖాస్తు పెట్టుకోండి. తాతదానికి మాత్రం రాదు, దాని మీద తయారుచేసినవాడి పేరూ లేదు, నంబరూ లేదు. లైసెన్సు వచ్చినా అది పందిని చంపడానికి పర్మిషన్ కాదు, వన్యప్రాణి చట్టం వేరే ఉంది, దానికి ఫారెస్ట్ వాళ్ల దగ్గరికే వెళ్లాలి.