బండి క్లినిక్: కోడు హీటర్‌ది, తప్పు ఫ్యూజ్‌ది కావచ్చు

ప్రశ్న: రెండు నెలల కిందట తొమ్మిదేళ్ల పాత పెట్రోల్ కారు కొన్నాను. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. స్కానర్ పెడితే పి0031, పి0037 కోడ్లు వచ్చాయి. ఆక్సిజన్ సెన్సర్లు రెండూ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. బండి బాగానే నడుస్తోంది, మైలేజీ కాస్త తగ్గింది. మార్చేయమంటారా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడే వద్దు. పి0031 కేటలిటిక్ కన్వర్టర్‌కు (పొగను శుద్ధి చేసే భాగం) ముందున్న సెన్సర్ హీటర్‌ది, పి0037 వెనకున్న సెన్సర్ హీటర్‌ది. రెండు హీటర్లూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి కాలిపోవడం అరుదు. రెండింటికీ ఒకే ఫ్యూజ్ నుంచి కరెంటు వెళ్లే బళ్లు మాత్రం చాలా ఉన్నాయి.

పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఈ సెన్సర్ సుమారు 300 డిగ్రీలు దాటితేగాని సరైన రీడింగ్ ఇవ్వదు. త్వరగా వేడెక్కాలని లోపల చిన్న హీటర్ పెడతారు. దాని ఒక వైరుకు ఫ్యూజ్ మీదుగా 12 వోల్టులు వస్తాయి. రెండో వైరును ఈసీయూ (ఇంజన్‌ను అదుపు చేసే కంప్యూటర్) ఎర్త్‌కు కలుపుతూ, వదులుతూ వేడిని అదుపు చేస్తుంది. ఫ్యూజ్ పోయినా, హీటర్ తెగినా ఆ రెండో వైరులో వోల్టేజీ ఉండదు. స్కానర్‌కు రెండూ ఒకటే, రెంటికీ అదే కోడు చూపిస్తుంది.

ముందు ఫ్యూజ్ పీకి మల్టీమీటర్‌తో చూడండి. కంటికి బాగానే కనిపించే ఫ్యూజ్‌లూ మోసం చేస్తాయి. అది బాగుంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ కనెక్టర్ విప్పండి. నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు ఉంటాయి, హీటర్‌వి అవే. కొన్ని సెన్సర్లలో రెండూ తెలుపు, కొన్నింటిలో రెండూ నలుపు. మీటర్‌ను 200 ఓమ్స్‌లో పెట్టి సెన్సర్ వైపు ఆ రెండు పిన్నుల మధ్య కొలవండి. మామూలు సెన్సర్‌కు 5 నుంచి 15 ఓమ్స్ మధ్య వస్తుంది. కొన్ని బళ్లలో మామూలు దానికి బదులు వాడే ఎయిర్ ఫ్యూయల్ రకం సెన్సరైతే 2, 3 ఓమ్స్ ఉన్నా తప్పు కాదు, అందుకే మీ బండి మాన్యువల్‌లోని అంకెనే నమ్మండి. ఏ అంకే రాకుండా ఓఎల్ అని చూపిస్తే హీటర్ తెగినట్టే, అప్పుడు ఆ సెన్సర్ మార్చక తప్పదు.

హీటర్ బాగుంటే బండి వైపు కనెక్టర్ చూడాలి. ఇక్కడ మీటర్‌ను నమ్మొద్దు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, లోడు పడగానే అది కుప్పకూలుతుంది. 12 వోల్టుల 5 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి హీటర్ టెర్మినళ్ల మధ్య పెట్టండి. కోడ్లు చెరిపి ఇంజన్ స్టార్ట్ చేయండి. చెరపకపోతే కొన్ని ఈసీయూలు హీటర్‌ను అసలు ఆన్ చేయవు. బల్బు వెలిగితే, మినుకుమన్నా సరే, వైరింగ్ బాగున్నట్టే. వెలగకపోతే 12 వోల్టుల టెర్మినల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య పెట్టి చూడండి. అప్పుడు నిండుగా వెలిగితే తేడా ఈసీయూ వైపు వైరులో ఉంది. అప్పుడూ వెలగకపోతే ఫ్యూజ్, మెయిన్ రిలే (కరెంటు కలిపే స్విచ్చు), వాటి మధ్య వైరు చూడండి.

ఫ్యూజ్ వేసిన వెంటనే మళ్లీ పోతే పెద్ద ఆంపియర్ ఫ్యూజ్ వేసి సరిపెట్టకండి. ఎక్కడో వైరు ఎర్త్ అవుతోంది. పాత బళ్లలో తరచూ కనిపించేది ఇదీ: ఎప్పుడో వైరు పట్టీ తీసినవాడు తిరిగి పెట్టడు, వైరు వేలాడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను తాకుతుంది, ఇన్సులేషన్ కరిగి రాగి బయటపడుతుంది. ఎలుకలు కొరికిన జాడా వెతకండి. మైలేజీ తగ్గడానికి ముందున్న సెన్సర్ హీటరే కారణం కావచ్చు, ముఖ్యంగా చిన్న చిన్న దూరాలు తిప్పే బండికి. వెనకున్న సెన్సర్ హీటర్‌తో మైలేజీకి పెద్దగా సంబంధం లేదు.

ప్రశ్న: కొత్త ఆక్సిజన్ సెన్సర్ వైర్లు కోసి అతికించాల్సి వస్తోంది. సోల్డర్ చేయొచ్చా?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దు. చాలా సెన్సర్లకు పొగతో పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలి ఆ వైర్ల పోగుల సందుల్లోంచే లోపలికి చేరుతుంది. సోల్డర్, ఫ్లక్స్ ఆ దారిని మూసేస్తాయి. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. కనెక్టర్‌లో గ్రీజు, క్లీనర్ స్ప్రే కూడా వద్దు.