స్క్రబ్ టైఫస్ కాదన్నారు, మరి ఈ జ్వరం ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. మాకు బియ్యం కొట్టు ఉంది, ఎలుకల బెడద ఎక్కువ. పది రోజులుగా జ్వరం, విపరీతమైన తలనొప్పితో బాధపడుతున్న ఆయనకు రెండు రోజుల నుంచి మాట తడబడుతోంది, మనుషులను సరిగా పోల్చుకోలేకపోతున్నారు. డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ పరీక్షలు నెగటివ్ వచ్చాయి. వెన్నునీరు పరీక్షించిన డాక్టరుగారు ఎలుకల ద్వారా వచ్చే మరో టైఫస్ కావచ్చంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ అనుమానం సబబైనదే. ఈ జవాబు మీకు చేరేలోపే ఆయనకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటారని ఆశిస్తున్నాను. స్క్రబ్ టైఫస్‌కు, మీ డాక్టరుగారు అనుమానిస్తున్న ఎలుకల టైఫస్‌కు, అంటే మ్యూరైన్ టైఫస్‌కు, కారణమైన బ్యాక్టీరియాలు వేరు కాబట్టి, ఒకదాని పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన రెండోది లేదనుకోకూడదు. మ్యూరైన్ టైఫస్‌ను కలిగించే రికెట్సియా టైఫై అనే బ్యాక్టీరియా, ఎలుకల ఒంటిమీద రక్తం పీల్చి బతికే ఫ్లీ అనే చిన్న పురుగుల మలంలో ఉండి, మనం గోకినప్పుడు చర్మంలోకి చేరుతుంది. అది సన్నని రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. మెదడులోని నాళాలకూ ఆ దెబ్బ తగిలితే అయోమయం, మూర్ఛ, అరుదుగా కోమా, కొందరిలో వినికిడి లోపం కలుగుతాయి. దద్దుర్లు అందరిలో రావు. వచ్చినా చామనఛాయ ఒంటిమీద సులువుగా కనిపించవు.

వెన్నునీటిలో సాధారణంగా లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కొద్దిగా పెరిగి, గ్లూకోజు మామూలుగానే ఉంటుంది. వైరల్ మెదడువాపులోనూ ఇలాగే ఉంటుంది కాబట్టి దానితోనే నిర్ధారణ కాదు. వ్యాధికి ప్రతిగా ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను కొలిచే ఇమ్యునోఫ్లోరోసెన్స్ పరీక్షకు రక్తం ఇప్పుడొకసారి, రెండు నుంచి నాలుగు వారాల తరువాత మరోసారి ఇవ్వాలి. యాంటీబాడీల స్థాయి నాలుగు రెట్లు పెరిగితే వ్యాధి ఖాయం. మొదటి వారంలో యాంటీబాడీలు చాలామందిలో కనిపించవు కాబట్టి తొలి నెగటివ్‌ను తుది మాటగా తీసుకోకండి. వైల్-ఫెలిక్స్ అనే మరో రక్తపరీక్షలో ఓఎక్స్-19 అనే కొలత పెరిగితే అనుమానం బలపడుతుంది, కానీ ఆ పరీక్ష చాలా కేసులను పట్టుకోలేదు. బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు రక్తం యాంటీబయాటిక్ ఇవ్వకముందే తీయడం మేలు.

అయితే ఫలితాల కోసం మందు మొదలుపెట్టకుండా ఆగడం ప్రమాదం. మెదడువాపు జ్వరాలకు తరచుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఈ బ్యాక్టీరియాపై పనిచేయదు. డాక్సీసైక్లిన్‌తో చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే క్షయ మెనింజైటిస్ (క్షయ వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు) వంటి ఇతర కారణాలను వెంటనే వెతకాలి.

కొట్టులో ఎలుకలకు మందు పెట్టేముందు ఫ్లీ పురుగులను చంపే మందు చల్లించండి. ఎలుక చచ్చిన వెంటనే ఆ పురుగులు దాన్ని వదిలి మనుషుల మీదికి వస్తాయి.