ఎల్ఈడీ మాస్క్ కొనే ముందు మీ మందుల డబ్బా చూసుకోండి

ఇంట్లో ఎల్ఈడీ మాస్క్, అంటే లోపల చిన్న చిన్న లైట్లుండే ముఖం తొడుగు, పెట్టుకుంటే మొటిమలు నిజంగా తగ్గుతాయా అని అడిగారు. తగ్గుతాయి, కానీ అన్నీ కాదు. ఏడాదిన్నరగా వాడుతున్నాను. ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి పుట్టే చిన్న మొటిమలు బాగా అణిగాయి. ముక్కు మీది బ్లాక్‌హెడ్స్ మాత్రం ఒక్కటీ కదల్లేదు. గడ్డం దగ్గర లోపల గడ్డలా వచ్చేవీ అంతే.

నా అసలు బాధ వేరే. మూడు వారాలు వాడినా తేడా కనబడక విసుగొచ్చింది. రోజుకు పది నిమిషాలు చాలని మాస్క్‌తో వచ్చిన కాగితంలో రాసి ఉన్నా అరగంట పెట్టుకోవడం మొదలుపెట్టాను. అప్పటికే మొటిమలకని డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుంటున్నాను. ఐదో రోజు రాత్రి మాస్క్ తీసేసరికి బుగ్గలు భగ్గుమంటున్నాయి. చన్నీళ్లు కొట్టుకున్నా మంట ఆగలేదు. అద్దంలో చూస్తే మాస్క్ అంచు వెంబడి గీత గీసినట్టు ముఖమంతా ఎరుపు, కళ్ల చుట్టూ మాత్రం మామూలు రంగు. "ఏం రాసుకున్నావే?" అని అమ్మ కంగారు పడింది. ఏమీ రాసుకోలేదని చెప్పినా నమ్మలేదు.

మర్నాడు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఏ మాత్రలు వేసుకుంటున్నావని. డాక్సీసైక్లిన్ లాంటివి చర్మాన్ని వెలుతురుకి ఓర్చుకోలేకుండా చేస్తాయట. మంట రెండు రోజుల్లో పోయింది. నాది చామనఛాయ కాబట్టి బుగ్గల మీద నల్లమచ్చ పోవడానికి మాత్రం నెలలు పట్టింది. కొనేటప్పుడు ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదే అన్న కోపం నాకింకా ఉంది. 2019లో న్యూట్రోజినా కంపెనీ తన లైట్ మాస్క్‌ను వెనక్కి తీసుకున్నదీ ఇలాంటి భయంతోనే. కొన్ని కంటి జబ్బులున్నవాళ్లకీ, కళ్లు వెలుతురుకి ఓర్చుకోలేకుండా చేసే మందులు వాడేవాళ్లకీ కళ్లు దెబ్బతినొచ్చని.

ఇక మాస్క్ పనిచేసే తీరు. మొటిమల్లోని బ్యాక్టీరియా తనలో పార్ఫిరిన్లు అనే, వెలుతురుని పీల్చుకునే పదార్థాలు తయారుచేసుకుంటుంది. దాదాపు 415 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవుకి కొలత, దాన్నిబట్టే రంగు) నీలికాంతి వాటి మీద పడితే పుట్టే చురుకైన ఆక్సిజన్ ఆ బ్యాక్టీరియానే చంపుతుంది. ఎర్రకాంతి ఇంకాస్త లోతుకి వెళ్లి వాపు తగ్గిస్తుంది. బ్లాక్‌హెడ్ అంటే మూసుకుపోయిన రంధ్రం, దానికి వెలుతురు ఏం చేస్తుంది? వాడటం మానేస్తే బ్యాక్టీరియా మళ్లీ వస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

అమ్మేవాళ్లేమో డబ్బా మీద "ఏడు రంగులు" అనీ, ఇన్ని బల్బులు అనీ పెద్దక్షరాలతో వేస్తారు. ఎన్ని నానోమీటర్లో వెతికినా దొరకదు. ఆ సంఖ్య రాయని మాస్క్ ఎంత చవకైనా కొనొద్దని నా గట్టి అభిప్రాయం. ముందు, తర్వాత అంటూ పెట్టే ఫొటోలు కూడా చూడండి, మొదటిది ట్యూబ్‌లైట్ కింద, రెండోది కిటికీ పక్కన తీసినట్టుంటాయి. ఇవి చూసే పిల్లలు ఆశపడి నెలరోజుల్లో నిరాశపడుతున్నారు.

మాత్రల కోర్సు అయిపోయాక డాక్టరమ్మని అడిగే మళ్లీ మొదలుపెట్టాను. పది నిమిషాలే, కళ్లకి గాగుల్స్ పెట్టుకుని. రెండో నెల దాటాకే బుగ్గల మీద కొత్తవి రావడం తగ్గింది. రెండు మూడు నెలలు ఓపిక పట్టలేమనుకుంటే కొనొద్దు. మీరు ఇప్పుడేమైనా మాత్రలు వాడుతున్నారా? మొండి మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ అయితే మీ డాక్టరుతో మాట్లాడకుండా మాస్క్ జోలికే వెళ్లకండి.