బండి ఎక్కడ ఆగింది?

ప్రశ్న: సార్, మాది అనంతపురం, రామ్‌నగర్. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పొద్దున ఐదున్నరకు లేస్తే రాత్రి పదకొండుకు గానీ నడుం వాల్చను. అయినా రోజుకు మూడు జాకెట్లు కావలసిన చోట ఒకటిన్నర అవుతోంది. ‘ఆ ఫోన్ పక్కన పెడితే అన్నీ అవుతాయి’ అంటారు మావారు. నిజమేనేమోనని రెండు వారాలు రీల్స్ చూడడం మానేశాను. పని మాత్రం అంతే. నా టైమ్ ఎక్కడికి పోతోందో తెలీక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఎక్కువ కాలం గుంతకల్లు చుట్టుపక్కల చిన్న స్టేషన్లలోనే గడిచింది. నాకు వచ్చిన భాషలోనే చెబుతాను.

బండి లేటైతే ప్రయాణికులు డ్రైవర్ని తిడతారు. మాకు ఆ వీలు లేదు. ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ రాయాలి. ఆ ఆగడాన్ని డిటెన్షన్ అంటాం. తీరా రాసింది చూస్తే బండి బాగానే నడిచి ఉంటుంది. ఎదురు బండికి దారిచ్చి లూప్ లైన్లో, అంటే పక్క పట్టాల మీద, నలభై నిమిషాలు నిలబడి ఉంటుంది. మీవారు డ్రైవర్ మీద నేరం మోపారు, మీరూ ఒప్పేసుకున్నారు. రిజిస్టర్ మాత్రం ఇద్దరూ తెరవలేదు.

ఒక నోట్‌బుక్ కుట్టుమిషన్ మీదే, కత్తెర పక్కన పెట్టుకోండి. పని మారిన ప్రతిసారీ టైమ్ వేసి ఒక్క ముక్క రాయండి. రాత్రికి గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు. రాత్రికి వంట, కుట్టు, నిద్ర, ఈ మూడే గుర్తుంటాయి. మ్యాచింగ్ దారం దొరక్క రెండు అంగళ్లు తిరగడం, మోటారు వేసి ట్యాంకు నిండిందా అని మేడెక్కి చూడడం, కొలతలివ్వడానికి వచ్చినావిడ ఆడపడుచు పెళ్లి సంగతులు చెబుతూ కూర్చోవడం గుర్తుండవు. జరగకముందే రాయడమూ వద్దు. ఇక చెరపడం అసలే వద్దు. మా ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్లో తప్పు పడితే ఒక గీత కొట్టి, సరైనది రాసి, పొడి సంతకం పెట్టాలి. చెరిపామా, సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందే.

మొదటి రోజు లెక్క నమ్మకండి. ఇన్‌స్పెక్షన్ రోజున మా స్టేషన్ కూడా అద్దంలా ఉండేది.

రిటైరైన కొత్తలో నేనూ నాలుగు రోజులు ఇలా రాశాను. ఇంట్లో ఉండీ ఒక్క పనీ కాదని మా ఇంటావిడ సణుగుతుంటే, ఆవిడది తప్పని రుజువు చేద్దామని మొదలుపెట్టాను. పొద్దున ఆరింటికి టవర్ క్లాక్ దాకా వాకింగ్ అని బయల్దేరేవాణ్ణి. నడిచేది ఇరవై అయిదు నిమిషాలు. ఉగ్గాని బజ్జి తిని, టీ తాగి, పింఛను, డీఏ సంగతులు మాట్లాడుకుని ఇల్లు చేరేసరికి 8-40. కాగితం మీద చూసుకునేదాకా అదంతా వాకింగ్ అనే నా నమ్మకం! (ఉగ్గాని మానలేదు. ఇప్పుడు వాకింగ్ వేరుగా, ఉగ్గాని వేరుగా రాస్తున్నాను.)

ఇలాంటి లెక్క సర్కారు కూడా తీసింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. తెల్లవారుజాము 4 నుంచి మర్నాడు 4 దాకా, అరగంటకో గడి. ఇంటివాళ్ల కోసం జీతం లేకుండా చేసే ఇంటిపనికి ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97 నిమిషాలు పట్టాయి. 2024లో మళ్లీ చేస్తే 289, 88. ఆ పని చేసినవాళ్ల సగటే ఇది. అసలు చెయ్యి పెట్టని మగవాళ్లు ఈ లెక్కలోకే రారు. మీ రోజులో అయిదు గంటలకు 11 నిమిషాలు తక్కువగా ఇంటికే పోతోందనుకుంటే, దాన్ని తీసేశాకే జాకెట్లు లెక్కపెట్టాలి. మీవారికి చూపించమని నేను చెప్పను. చూపిస్తే అడ్డుపడను.

సర్వేకు అరగంట గడి చాలు గానీ, మీకు చాలదు. మీ డిటెన్షన్లు ఆరేడు నిమిషాలవే అయి ఉంటాయని నా అనుమానం. పెడల్ మీద నుంచి కాలు ఎన్నిసార్లు తీశారో, ఎవరు పిలిస్తే తీశారో పక్కన రాయండి. వారం పాటు ఏమీ మార్చుకోవద్దు. ఆ తర్వాత, కొలతలకు సాయంత్రం నాలుగు నుంచి ఆరింటిలోపే రావాలని గుమ్మానికి బోర్డు కట్టాలో, ట్యాంకు చూసే పని ఇంకొకరికి అప్పజెప్పాలో ఆ నోట్‌బుక్కే చెబుతుంది. ఫోన్ వల్లే అని తేలితే మీవారికి ఒక కాఫీ ఇవ్వండి.

ప్రశ్న: సార్, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. నా ఫోన్లో వాడకం లెక్క చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ రోజుకు ఆరు గంటలు చూపిస్తోంది. అందులో ఆన్‌లైన్ క్లాసులే నాలుగు గంటలు. మరి ఇది తప్పు లెక్కేనా?
— ఒక విద్యార్థి, గుత్తి

జవాబు: లెక్క సరిగానే ఉంది నాయనా. యాప్ ఎంతసేపు తెరిచి ఉందో అది చెబుతుంది. నీ బుర్ర తెరిచి ఉందా లేదా అన్నది దాని పని కాదు. అదే పేజీలో ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ చేశావో కూడా ఉంటుంది, ముందు అది చూడు. గుత్తిలో ఉన్నావు కదా, ఆగిన గూడ్సు మళ్లీ కదిలి వేగం అందుకోవడం చూసే ఉంటావు. క్లాసు మధ్యలో వాట్సాప్‌కు వెళ్లొచ్చిన ప్రతిసారీ నోట్సు అంచున ఒక గీత పెట్టు. ఆదివారం కూర్చుని గీతలు లెక్కపెట్టు.