ఎంజైమ్ రాలేదంటే మీ అమ్మాయికి చదువు రానట్టు కాదు

ప్రశ్న: మాది నరసన్నపేట. అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుకని రైస్ మిల్లు దగ్గర మట్టిలోంచి బాసిల్లస్ అనే బ్యాక్టీరియా తీసి గ్లూకోజ్ మీడియంలో పెంచింది. బాగానే పెరిగిందట గానీ అమైలేజ్ రాలేదట, ఒకటే ఏడుపు. ఎమ్మెస్సీ మానిపించి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్‌లో చేర్పిద్దామా?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే గానీ, మీ భయమంతా అమ్మాయికి ఈ సబ్జెక్టు రాదేమోనని. ఆ టెన్షన్ వదిలేయండి, ఆ ఫ్లాస్కులో జరగాల్సిందే జరిగింది. అమైలేజ్ స్టార్చ్‌ని విడగొట్టే ఎంజైమ్. గ్లూకోజ్ తేలిగ్గా దొరుకుతున్నంతసేపూ బాసిల్లస్ ఆ జన్యువును అణిచిపెడుతుంది. కంచంలో అన్నం ఉండగా వడ్లు దంచేదెవరండీ? గ్లూకోజ్ తీసేసి స్టార్చ్ వేసి, పీహెచ్ 7 దగ్గర, 37 డిగ్రీల్లో, ఫ్లాస్కును ఊపుతూ ఉండే షేకర్ మీద పెట్టి, 12, 24, 36, 48 గంటలకు శాంపిల్ తీయమనండి, ఎందుకంటే చాలా బాసిల్లస్ రకాల్లో పెరుగుదల నెమ్మదించాకే ఈ ఎంజైమ్ ఎక్కువగా బయటికొస్తుంది. రాత్రి కరెంటు పోయి షేకర్ ఆగితే గాలి సరిగా అందదు, అదీ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. స్టార్చ్ ప్లేటు మీద అయోడిన్ పోసినప్పుడు అంతా నల్లటి నీలంగా మారి, బ్యాక్టీరియా కాలనీ (గుంపు) చుట్టూ మాత్రం రంగులేని వలయం మిగిలితే ఎంజైమ్ వచ్చినట్టే.

బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్ ముగించి, కాసేపు ఆగి, ఆ తర్వాతే రెండో చక్కెర జోలికి వెళ్లడం 1940ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో గమనించాడు. ఎందుకలా అని తవ్వుకుంటూ పోయిన ఆ పనికే 1965లో నోబెల్ వచ్చింది. మీ అమ్మాయి ఏడుస్తున్నది సరిగ్గా ఆ విషయం మీదే!

ఇక మెడికల్ కోడింగ్, అంటే రోగుల రిపోర్టులు చదివి జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పని. అది చెడ్డ పని కాదు, ఇంగ్లిష్ రిపోర్టులు ఓపిగ్గా చదివేవాళ్లకు త్వరగా జీతం రావచ్చు. కానీ మైక్రోబయాలజీ అక్కడ పెద్దగా అక్కరకు రాదు, తేలికైన రిపోర్టులకు సాఫ్ట్‌వేరే కోడ్ వేసేస్తున్న రోజుల్లో కొత్తవాళ్లకు ఎంత పని మిగులుతుందో నాకు నిజంగానే అనుమానం. 'గ్యారంటీ ప్లేస్‌మెంట్' అని బోర్డు మీద రాసినవాళ్లను, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి చూద్దాం. ఒక్క ఫ్లాస్కు చూసి మూడేళ్ల చదువు పక్కన పడేస్తారా? ఎవరో అక్కడ సెటిలయ్యారని మీ పిల్లను ఊరు దాటించడం ఏం న్యాయం?

మీకు దగ్గర్లోనే, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో నీళ్లూ గాలీ పరీక్షించడానికి మైక్రోబయాలజిస్టులు కావాలి. మొదట్లో జీతం తక్కువే, దాచను. ఎమ్మెస్సీ చేసి ఫర్మెంటేషన్ (సూక్ష్మజీవుల్ని పెంచి ఎంజైముల్లాంటివి తయారుచేయడం) వైపు వెళితే, ఏం మారిస్తే ఎంజైమ్ పెరుగుతుందో తేల్చడమే ఉద్యోగం. ఆ పని తను ఇప్పుడే మొదలుపెట్టింది. ముందు గైడ్‌ని అడిగి ఇంకోసారి చేయనివ్వండి, ఈలోపు హైదరాబాద్ వాళ్లకు అడ్వాన్సు మాత్రం కట్టకండి.